ఎన్నిసార్లు వేస్తే పడింది చెమ్మ?

‘ఫలానా మాత్రతో గుండెకు మేలు’ అంటుంది ఒక వార్త. ‘అబ్బే, షుగరున్నవాళ్లకు అది పనిచేయదు’ అంటుంది ఇంకోటి. రెండూ పరిశోధనలే, రెండింట్లోనూ అంకెలుంటాయి. మరి దేన్ని నమ్మాలి? దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది... అసలు వాళ్లు ఎన్ని ప్రశ్నలు వేసి చూస్తే ఈ జవాబు వచ్చింది? ఆ లెక్క తేల్చే శాస్త్రానికి మన కృష్ణా డెల్టాతో దగ్గరి చుట్టరికమే ఉంది.

మిథునరాశి, తులారాశి వాళ్లకు గుండెపోటు వస్తే ఆస్పిరిన్ పనిచేయదు!

వారఫలాల్లోంచి వచ్చిన మాట కాదిది. 1988లో ‘లాన్సెట్’ అనే ప్రఖ్యాత వైద్య పత్రికలో అచ్చయిన లెక్క. ఆ పరిశోధన పేరు ఐసిస్-2. గుండెపోటుతో 417 ఆసుపత్రులకు వచ్చిన 17,187 మంది అందులో పాల్గొన్నారు. సగం మందికి నెలరోజులపాటు ఆస్పిరిన్ ఇచ్చారు. మిగతా సగానికి చూడటానికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. అయిదు వారాల తర్వాత లెక్క చూస్తే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో నూటికి 11.8 మంది గుండె, రక్తనాళాల సమస్యలతో చనిపోయారు. ఆస్పిరిన్ వేసుకున్నవారిలో 9.4 మంది. అంటే ప్రతి నూరు మందిలో అదనంగా ఇద్దరికి పైగా బతికి బయటపడ్డారు. అదీ పైసల్లో దొరికే మాత్రతో!

పత్రిక వాళ్లకు అది చాల్లేదు. ఆడవాళ్లకెలా ఉంది, మగవాళ్లకెలా ఉంది, వయసు మళ్లినవాళ్లకెలా ఉంది... విడగొట్టి చూపించమన్నారు. అలా ముక్కలు చేయడం ప్రమాదమని పరిశోధకుల భయం. చివరికి సరేనంటూనే తమ తరఫున ఇంకో విభజన కూడా చేర్చారు. పుట్టిన తేదీలను బట్టి రోగుల్ని 12 రాశులుగా విడదీశారు. మిథున, తుల రాశుల వారికి ఆస్పిరిన్ వల్ల మేలు లేకపోగా కాస్త చేటే జరిగినట్టు కనిపించింది. మిగతా వాళ్లకేమో బ్రహ్మాండమైన మేలు.

జాతకాలు నిజమని చెప్పడానికి చేసిన పని కాదది. ఒకే లెక్కను ముక్కలుగా కోస్తూ పోతే ఎక్కడో ఒకచోట వింత కనబడి తీరుతుందని చెప్పడానికి చేసింది. రాశి అనేసరికి మనం నవ్వేసి ఊరుకుంటాం. అదే చోట ‘60 దాటినవాళ్లు’ అనో ‘షుగరున్నవాళ్లు’ అనో ఉంటే? నవ్వం. ‘నాన్నా, నీకిది పనిచేయదట’ అంటూ మాత్ర మాన్పించేస్తాం. ఆ ఇద్దరు ముగ్గురిలో మన నాన్న కూడా ఉండొచ్చు. అందుకే ఈ లెక్క శాస్త్రవేత్తలది మాత్రమే కాదు, మన ఇంటిది కూడా.

అష్టాచెమ్మా చెప్పే పాఠం

వేసవి సెలవుల్లో అరుగు మీద అష్టాచెమ్మా ఆడినవాళ్లకు ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. చేతిలో నాలుగు గవ్వలు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ. గవ్వ వెల్లకిలా పడటానికీ బోర్లా పడటానికీ సమానంగా అవకాశం ఉందనుకుంటే, చెమ్మ పడే అవకాశం 16లో 1. నూటికి ఆరు అన్నమాట.

మీ తమ్ముడు ఒకే ఒక్కసారి వేశాడు, చెమ్మ పడింది. ‘వీడి చేతిలో ఏదో మహత్యం ఉంది’ అనిపిస్తుంది. అదే 20 సార్లు వేసి ఒక చెమ్మ చూపించాడనుకోండి. ‘ఇన్నిసార్లు వేస్తే పడదేంటి’ అంటారు. నిజమే, 20 సార్లు వేస్తే ఒక్కసారైనా చెమ్మ పడే అవకాశం నూటికి 72. మరి వాడు లోపలి గదిలో కూర్చుని 20 సార్లు వేసి, పడిన ఆ ఒక్కసారే మిమ్మల్ని పిలిచి చూపిస్తే?

వైద్య పరిశోధనలో జరిగేదీ ఇలాంటిదే. మందుకు ఏ గుణమూ లేకపోయినా కాకతాళీయంగా ఒక జట్టు రోగులు ఇంకో జట్టుకన్నా మెరుగ్గా ఉండొచ్చు. అంత తేడా ఊరికే వచ్చే అవకాశం ఎంత అని లెక్కగడతారు. దాని పేరు ‘పీ వాల్యూ’. అది నూటికి 5 కన్నా తక్కువైతే, అంటే 20లో 1 కన్నా తక్కువైతే ‘చెప్పుకోదగ్గ తేడా’ అని రాస్తారు. ఒకే ప్రశ్న వేసినప్పుడు ఈ హద్దు బాగానే పనిచేస్తుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 ప్రశ్నలు వేస్తే? మందు ఉత్త సుద్దముక్కే అయినా కనీసం ఒక చోట ‘పనిచేసింది’ అని వచ్చే అవకాశం నూటికి 64.

గణాంక శాస్త్రంలో దీన్ని ‘మల్టిపుల్ టెస్టింగ్’ సమస్య అంటారు. ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పక్కర్లేదు. అచ్చయిన ప్రతి అంకె నిజమే కావచ్చు. దాగిపోయేదల్లా ఎన్నిసార్లు వేశారన్నదే.

రేపల్లె నుంచి పిట్స్‌బర్గ్ దాకా

20లో 1 అనే ఈ హద్దుకు ప్రాచుర్యం తెచ్చింది ఇంగ్లండ్ శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్. 1925లో వచ్చిన ఆయన పుస్తకం ప్రపంచమంతా పరిశోధకులకు పాఠ్యగ్రంథమైంది. ఆ ఫిషర్ దగ్గరే కేంబ్రిడ్జిలో పరిశోధన చేసి 1948లో డాక్టరేట్ అందుకున్నాడో తెలుగువాడు. పేరు కల్యంపూడి రాధాకృష్ణారావు. ప్రపంచం పిలిచే పేరు సి.ఆర్.రావు. చిన్నతనంలో ఆయన చదువు సాగిన ఊళ్లలో మన నూజివీడు, నందిగామ ఉన్నాయి. 102 ఏళ్ల వయసులో 2023లో అంతర్జాతీయ గణాంక పురస్కారం ఆయన్ని వరించింది. అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు.

ఆయనతోపాటు అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మరో తెలుగు శాస్త్రవేత్త పేరు మనలో చాలామంది వినలేదు. ఆయనే పి.ఆర్.కృష్ణయ్య. ఇంటిపేరు పరుచూరి. పుట్టింది 1932లో, కృష్ణా డెల్టాలోని రేపల్లెలో. ఒకేసారి అనేక ప్రశ్నలు వేసినప్పుడు మొత్తం మీద తప్పు జరిగే అవకాశాన్ని హద్దులో ఉంచడం ఎలా అన్నది ఆయన పరిశోధనల్లో ముఖ్యమైన అంశం. 1960ల నుంచీ దాని మీద వరసగా పరిశోధన పత్రాలు రాశారు. అనేక అంశాలను కలిపి పరిశీలించే ఈ శాఖ కోసం 1971లో మొదలైన అంతర్జాతీయ పత్రికకు వ్యవస్థాపక సంపాదకుడూ ఆయనే. 1987లో, ఇంకా అరవై ఏళ్లయినా నిండకుండానే వెళ్లిపోయారు.

ఆయన పని గొప్పతనం తెలియాలంటే ముందు ఒక చిట్కా తెలియాలి. ఇటలీ గణితవేత్త బొన్‌ఫెరోని పేరుతో ప్రచారంలో ఉన్న చిట్కా అది. ఎన్ని ప్రశ్నలు వేస్తే హద్దును అన్ని భాగాలు చేయమంటుంది. 20 ప్రశ్నలైతే నూటికి 5 కాస్తా నూటికి పావు అవుతుంది. అంటే 400లో 1. అంత అరుదైన తేడా కనిపిస్తేనే నమ్మాలి. సులువుగానే ఉంది. కానీ ఇందులో ఒక ఇబ్బంది. బీపీ, పక్షవాతం, గుండెపోటు వేర్వేరు ప్రశ్నల్లా కనిపించినా ఒకే కొమ్మకు కాసిన కాయలు. బీపీ తగ్గితే మిగతా రెండూ తగ్గే అవకాశం ఉంది. వాటిని సంబంధం లేని మూడు ప్రశ్నలుగా లెక్కేసి హద్దు బిగిస్తే నిజంగా పనిచేసే మందునూ పక్కన పడేసే ప్రమాదముంది. ప్రశ్నల మధ్య ఉన్న ఆ చుట్టరికాన్ని కూడా లెక్కలోకి తీసుకుని, హద్దు ఎక్కడ గీయాలో చూపే పద్ధతులనూ అందుకు కావాల్సిన పట్టికలనూ తయారుచేసినవారిలో కృష్ణయ్య ముఖ్యులు.

చుక్కల మందు కథ

ఒక్క పరిశోధనను చూసి నమ్మొద్దు, ఆ విషయం మీద జరిగిన అన్నిటినీ వెతికి, జల్లెడ పట్టి, కలిపి లెక్క చూడాలన్న ఆలోచన ఇప్పుడు వైద్యరంగానికి వెన్నెముక. దాన్నే ‘సిస్టమాటిక్ రివ్యూ’... క్రమబద్ధ సమీక్ష అంటారు. 1993లో ఆక్స్‌ఫర్డ్ కేంద్రంగా మొదలైన కాక్రేన్ సంస్థ ఇలాంటి సమీక్షలకు పెట్టింది పేరు.

ఇది మన ఇళ్లకు ఎంత దగ్గరి విషయమో చెప్పడానికి విటమిన్-ఎ ఉదాహరణ చాలు. తొమ్మిదో నెలలో తట్టు టీకాతోపాటు పిల్లల నోట్లో వేసే తియ్యటి మందు గుర్తుందిగా. ఆ తర్వాత ఆర్నెల్లకోసారి చొప్పున అయిదేళ్లలోపు తొమ్మిది మోతాదులు వేస్తారు. రేచీకటిని, చూపు పోవడాన్ని అడ్డుకోవడానికి 1970లో మన దేశంలో ఈ కార్యక్రమం మొదలైంది. దానికి హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనే పునాది. తర్వాత ఇంకో ప్రశ్న వచ్చింది. ఇది పిల్లల ప్రాణాలు కూడా కాపాడుతుందా?

1990లో ఒకే ఏడాది రెండు జవాబులు వచ్చాయి. తమిళనాడులోని తిరుచ్చి ప్రాంతంలో జరిగిన అధ్యయనంలో వారం వారం చిన్న మోతాదు ఇస్తే మరణాలు 54 శాతం తగ్గాయి. హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో 15 వేలకు పైగా పిల్లల మీద మన పోషకాహార సంస్థ చేసిన అధ్యయనంలో ఆర్నెల్లకోసారి పెద్ద మోతాదు ఇచ్చారు. మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. మందు ఇచ్చిన తీరు వేరు కాబట్టి ఫలితం మారి ఉండొచ్చు. కాకతాళీయమూ కావచ్చు. మొదటిది మాత్రమే చదివినవాళ్లకు అది సంజీవని. రెండోది మాత్రమే చదివినవాళ్లకు అది వృథా.

సమీక్ష చేసేవాళ్లకు ఏరుకునే హక్కు లేదు. చెమ్మ పడినదీ పడనిదీ రెండూ లెక్కలోకి రావాల్సిందే. 2010లో కాక్రేన్ సమీక్ష మరణాలు 24 శాతం తగ్గుతాయని తేల్చింది. 2013లో ఉత్తరప్రదేశ్‌లో 10 లక్షల మంది పిల్లలతో చేసిన భారీ అధ్యయనం వెలువడింది. అందులో తేడా 4 శాతమే, అదీ కాకతాళీయం కావడానికి వీలున్నంత చిన్నది. దాన్ని కూడా కలిపాక 2017 నాటి సమీక్షలో 47 అధ్యయనాలు, 12 లక్షలకు పైగా పిల్లలు లెక్కలోకి వచ్చారు. మేలు 12 శాతమని తేలింది. 54 కాదు, సున్నా కాదు. ఆర్భాటం తగ్గింది, నమ్మకం పెరిగింది.

బ్యారేజీకి 70 గేట్లు

అలాగని సమీక్ష అనే ముద్ర పడగానే కళ్లు మూసుకుని నమ్మొచ్చా? అక్కడా గవ్వలున్నాయి. ఒక బీపీ మందు మీద సమీక్ష చేస్తున్నారనుకుందాం. చూడాల్సిన ఫలితాలు ఏడు... మరణం, గుండెపోటు, పక్షవాతం, కిడ్నీ దెబ్బతినడం, ఆసుపత్రిలో చేరడం, బీపీ అంకె, దుష్ప్రభావాలు. ఒక్కోదాన్నీ ఆర్నెల్లకు ఒకసారి, ఏడాదికి ఒకసారి చూస్తారు. మళ్లీ ఆడవాళ్లు, మగవాళ్లు, పెద్దవయసువాళ్లు, షుగరున్నవాళ్లు, పొగతాగేవాళ్లు అని అయిదు వర్గాలు. ఏడు రెళ్లు 14, 14 అయిదులు 70. మన ప్రకాశం బ్యారేజీకి ఎన్ని గేట్లో అన్ని ప్రశ్నలు!

మందుకు ఏ గుణమూ లేకపోయినా ఈ 70 గేట్లలో సగటున మూడు నాలుగు వాటంతటవే తెరుచుకున్నట్టు కనిపిస్తాయి. ప్రశ్నల మధ్య సంబంధమేమీ లేకపోతే కనీసం ఒక్కటైనా తెరుచుకునే అవకాశం నూటికి 97. తెరుచుకున్న ఆ గేటు దగ్గరే నిలబడి ఫొటో తీయించుకుంటే చూసేవాళ్లకు బ్యారేజీ అంతా పొంగిపొర్లుతున్నట్టే ఉంటుంది.

ఇంకో చిక్కూ ఉంది. సమీక్షను కొత్త అధ్యయనం వచ్చినప్పుడల్లా తిరగరాస్తారు. ప్రతిసారీ మళ్లీ పరీక్షే, మళ్లీ గవ్వలే. రోగులు తక్కువున్న తొలినాళ్ల లెక్కల్లో ఊగిసలాట ఎక్కువ. గుండెపోటు రోగులకు మెగ్నీషియం ఎక్కించడం గురించి 1991లో ఒక సమీక్ష వచ్చింది. ఏడు చిన్న అధ్యయనాలు, 1,301 మంది రోగులు. మరణాలు సగానికి పైగా తగ్గుతాయన్నారు. 1995లో 58,050 మందితో చేసిన ఐసిస్-4 ఫలితాలు వచ్చాయి. మేలేమీ లేదని తేలింది. చిన్న అధ్యయనాల్లో బాగా వచ్చినవే ఎక్కువగా అచ్చుకు నోచుకోవడమూ ఇలాంటి పొరపాట్లకు ఒక కారణం. చెమ్మ పడనివాళ్లు మౌనంగా ఇంటికెళ్లిపోతారు మరి.

ముందే చెప్పి వేయాలి

దీనికి విరుగుడు మన అరుగు మీదే ఉంది. ‘ఇదిగో, ఈసారి చెమ్మ వేస్తా చూడు’ అని ముందే చెప్పి వేసేవాణ్ని నమ్ముతాం. వేశాక ‘నేననుకున్నది ఇదే’ అనేవాణ్ని నమ్మం. పరిశోధనలకూ అదే సూత్రం పెట్టారు. మొదలుపెట్టకముందే ప్రధానమైన ప్రశ్న ఏమిటో అందరికీ కనిపించేలా నమోదు చేయాలి. మన దేశంలో ఇందుకోసం 2007 జులైలో క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ మొదలైంది. మందుల పరీక్షలకు 2009 జూన్ నుంచి నమోదు తప్పనిసరైంది. సమీక్షల ప్రణాళికలను ముందుగా నమోదు చేయడానికి 2011లో బ్రిటన్‌లో ‘ప్రాస్పెరో’ అనే జాబితా వచ్చింది.

ఫలితం ఎలా ఉంటుందో అమెరికా ప్రభుత్వ గుండె, ఊపిరితిత్తుల, రక్త సంస్థ నిధులతో జరిగిన పెద్ద అధ్యయనాలు చెబుతాయి. 2000 సంవత్సరానికి ముందు అచ్చయిన 30 అధ్యయనాల్లో 17 ‘మేలు ఉంది’ అన్నాయి. ఆ తర్వాత, ముందస్తు నమోదు అమల్లోకి వచ్చాక, 25లో రెండే అలా అన్నాయి. 2015లో ఈ లెక్క బయటపెట్టిన పరిశోధకులు ముందే చెప్పాలన్న నిబంధనే ఇందుకు ముఖ్య కారణం కావచ్చన్నారు.

మరి సమీక్షల్లో హద్దును ముక్కలు చేసే చిట్కా వాడాలా? కాక్రేన్ మార్గదర్శకాలు ప్రతిసారీ వాడమని చెప్పవు. బిగిస్తే నిజం కూడా జారిపోతుందన్న కృష్ణయ్య నాటి చిక్కు ఇక్కడా ఉంది మరి. దానికి బదులు ప్రశ్నల్ని తగ్గించమంటాయి. ప్రధాన పట్టికలో రోగికి ముఖ్యమైన ఫలితాలు ఏడుకు మించొద్దంటాయి. ఏది ముందనుకున్నదో, ఏది తర్వాత తట్టిందో విడిగా రాయమంటాయి. తర్వాత తట్టినది తప్పని కాదు. అది జవాబు కాదు, వచ్చే పరిశోధనకు ప్రశ్న మాత్రమే.

ఇది ఎక్కడో అమెరికా, ఇంగ్లండ్ పెద్దల సంగతి అనుకోనక్కర్లేదు. విజయవాడలో ఉన్న ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద పీజీ చదివే ప్రతి వైద్య విద్యార్థీ ఒక పరిశోధన గ్రంథం సమర్పించాలి. వాటిలోనూ పట్టికలుంటాయి, పీ వాల్యూలుంటాయి. తేడా రాలేదని నిజాయతీగా రాసిన గ్రంథానికీ, తేడా వచ్చిందని రాసినదానికీ సమాన గౌరవం దక్కిన రోజున అంకెలు వాటంతటవే శుభ్రపడతాయి.

ఇక మన వంతు. సూర్యారావుపేటలో ఏ ఆసుపత్రి వరండాలో చూసినా మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డల నుంచి వచ్చి కూర్చున్నవాళ్లు కనిపిస్తారు. చేతిలో ఫైలు, ఫోన్‌లో బంధువులు పంపిన వాట్సాప్ కబుర్లు. వాటిలో కొన్ని లేని ఆశ పుట్టించి డబ్బు ఖర్చు పెట్టిస్తాయి. కొన్ని లేని భయం పుట్టించి పనిచేస్తున్న మందు మాన్పిస్తాయి. రెండోది మరీ ప్రమాదం. గుండెపోటు వచ్చినవారికి ఆస్పిరిన్ ఇప్పటికీ ముఖ్యమైన మందే, వాళ్లది ఏ రాశి అయినా! ఏ జబ్బూ లేనివాళ్లు ముందుజాగ్రత్త పేరుతో సొంతంగా వేసుకోవడం మాత్రం వేరే సంగతి. దానితో రక్తస్రావం ముప్పు ఉంది.

‘పరిశోధనలో తేలింది’ అని చదివితే...

* ఎన్ని విషయాలు పరీక్షిస్తే ఈ ఒక్కటి తేలిందో చూడండి. ఆ సంఖ్య చెప్పని వార్తను సగం వార్తగానే తీసుకోండి.

* ఇది ముందే అనుకున్న ప్రధాన ప్రశ్నా, ముక్కలు చేశాక కనిపించిందా? ‘40-50 ఏళ్ల మధ్య, పొగతాగని ఆడవాళ్లలో మాత్రమే’ లాంటి మాట కనబడితే మిథునరాశిని గుర్తు తెచ్చుకోండి.

* ఒక్క అధ్యయనమా, అన్నీ కలిపి చూసిన సమీక్షా? సమీక్షయితే ఎంతమంది రోగులు? వందల్లో ఉంటే వేచిచూడండి.

* ‘50 శాతం తగ్గింది’ అంటే వెయ్యిమందిలో ఇద్దరు ఒక్కరయ్యారా, రెండొందల మంది వందయ్యారా? రెండూ సగమే, కానీ రెండూ ఒకటి కాదు.

* ఏం చదివినా సరే, వాడుతున్న మాత్రను మీ అంతట మీరు ఆపొద్దు. ఆ కాగితం పట్టుకెళ్లి మీ డాక్టరుకే చూపించండి.